నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను: దాని కొలతలు, దాని జబ్బులు

మోటారు కారు నడుపువారు మనలో ఎందరో ఉన్నారు గాని, ముందు మూత యెత్తి లోనికి తొంగిచూచువారు కొద్దిమందియే. చూచినవారు గూడ ఆ నల్లని ఇనుప దిమ్మను, దాని చుట్టునున్న తీగెలను, గొట్టములను, నూనె మరకలను ఒకసారి పరికించి, "ఇది మేస్త్రీ పని" అని మూత దించివేయుదురు. ఆ మాట కొంతవరకు నిజమే. కాని మేస్త్రీ లేనిచోట, రోహిణి ఎండలో బండి ఆగిపోయినప్పుడు, లోపల ఏమి జరిగినదో ఊహింపగల పాటి జ్ఞానము లేకున్న ఎంత నష్టము కలుగునో మేము స్వయముగా చూచితిమి. ఆ నష్టము మాకు గాక మరియొకరికి కలుగుటవలన ఆ సంగతి ఇప్పటికిని మాకు మరపురాలేదు. దానిని తరువాత చెప్పెదము. ముందు ఆ ఇనుప దిమ్మలో ఏమున్నదో చూతము.

ఇంజనులలో పెక్కు రకములు ఉన్నవి. అన్నిటిని గూర్చి చెప్పబూనినచో దేనిని గూర్చియు చెప్పినట్లు కాదు. కావున మన దేశమున రెండు మూడు తరములవారికి చిరపరిచితమైన అంబాసిడరు కారు ఇంజనును ఉదాహరణముగా తీసికొందము. బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారమున ఈ బండి 1950-60 దశకము చివర తయారగుట మొదలై, 2014 మే నెలలో నిలిచిపోయినది. దాని ఒడలు ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారుది. తొలి బండ్లలో కవాటములు సిలిండరు ప్రక్కనే అమరియున్న పాత పద్ధతి ఇంజను ఉండెడిది. కొలది కాలమునకే దానికి బదులు కవాటములు నెత్తిమీద గల 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను వచ్చినది. బ్రిటిష్ మోటారు కార్పొరేషనువారి "బి" తరగతి ఇంజనులలో అది ఒకటి. తరువాతి కాలమున డీజిలు ఇంజనులును, జపాను దేశపు నమూనా పెట్రోలు ఇంజనును ఆ బండిలో చేరినవి గాని, ఇప్పటికిని ఇంటి ముందర పాత కారును పదిలముగా ఉంచుకొన్నవారి వద్ద తరచు కనబడునది ఆ 1489 ఇంజనే.

ఈ 1489 అను సంఖ్య ఎట్లు వచ్చినది? సిలిండరు అనగా గుండ్రని బావి వంటి రంధ్రము. దానినే మేస్త్రీలు బోరు అందురు. ఈ ఇంజనులో బోరు వ్యాసము 73.025 మిల్లీమీటర్లు. అందులో పైకి క్రిందికి ఆడు పిస్టను, అనగా ముషలకము, ఒక కొసనుండి రెండవ కొసకు పోవు దూరము 88.9 మిల్లీమీటర్లు. ఈ రెంటిని లెక్కగట్టినచో ఒక్కొక్క సిలిండరునకు సుమారు 372 ఘన సెంటీమీటర్లు, నాలుగింటికి కలిపి 1489 వచ్చును. బోరుకన్న ఆట పొడవైనది గనుక ఇది మెల్లగా తిరుగుచు బరువు లాగు స్వభావము గల ఇంజను. ఏడుగురు మనుష్యులు, పైన మూటలు, వెనుక పెట్టెలు, ఇన్నిటితో ఘాటు రోడ్డెక్కి, మూడవ గేరులోనే గొణుగుకొనుచు పోగల ఓర్పు దానికి అబ్బినది ఈ కొలతవలననే. దాని బలము సుమారు 50 అశ్వశక్తులు. నేటి చిన్న కారులు ఇంతకన్న చిన్న ఇంజనుతో ఇంతకన్న ఎక్కువ బలము చూపుచున్నవి. అది నిజమే గాని, వాటి సంగతి వేరు.

పిస్టను క్రిందికి దిగినప్పుడు గాలి, పెట్రోలు ఆవిరి కలిసి లోనికి పీల్చుకొనబడును. మరల పైకి లేచినప్పుడు ఆ మిశ్రమము నొక్కబడును. అప్పుడు ప్లగ్గు కొనయందు నిప్పురవ్వ పుట్టి మిశ్రమము మండి, పిస్టనును బలముగా క్రిందికి త్రోయును. నాలుగవసారి పైకి వచ్చుచు పిస్టను కాలిన పొగను బయటికి నెట్టివేయును. జర్మనీ దేశస్థుడైన నికొలాస్ ఓటో 1876లో ఈ నాలుగు ఆటల పద్ధతిని చక్కగా నడుచు యంత్రముగా రూపొందించినాడు. నాలుగు ఆటలలో బలమిచ్చునది ఒక్కటే. తక్కిన మూడును దానికి ఊడిగము చేయునవి. ఒకే సిలిండరున్నచో రెండు చుట్లకు ఒకసారి మాత్రమే త్రోపు లభించును, బండి కుదుపులతో నడచును. నాలుగు సిలిండర్లు ఉండుటచేత ప్రతి అర చుట్టునకు ఏదో ఒక సిలిండరులో త్రోపు ఉండును. నలుగురు బోయీలు మోయు పల్లకివలె నడక సాగును.

అయితే ఆ నలుగురు ఒకరి తరువాత ఒకరు వరుసగా పనిచేయరు. మొదటి సిలిండరు తరువాత మూడవది, పిమ్మట నాలుగవది, ఆ పిమ్మట రెండవది మండును. 1, 3, 4, 2 అను ఈ వరుసను పాత డ్రైవర్లు ఎక్కాలవలె కంఠస్థము చేసికొనెడివారు. ప్లగ్గు తీగెలు పీకి తుడిచి మరల పెట్టునప్పుడు ఈ వరుస తప్పినచో ఇంజను కదలదు. కదలినను దగ్గుచు, కార్బొరేటరునుండి మంట చిమ్మును. ఎంతో అనుభవము గలవారు గూడ అర్ధరాత్రివేళ దీపము లేక ఈ తీగెలు మార్చి పెట్టి తెల్లవారులు తిప్పలు పడిన కథలు షెడ్లలో వినబడుచుండును. తీగెలు తీయుటకు ముందే ఒక్కొక్కదానికి దారపు ముడులు, ఒకటికి ఒకటి, రెంటికి రెండుగా, వేసికొనుట చౌకైన ఉపాయము.

ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగుచున్నది అనుకొందము. రోడ్డుమీద అది మామూలు వేగమే. అప్పుడు ఒక్కొక్క సిలిండరులో నిమిషమునకు 1500 మార్లు, అనగా సెకనునకు 25 మార్లు మంట పుట్టవలెను. నాలుగింటికి కలిపి సెకనునకు నూరు నిప్పురవ్వలు. ఈ నూరును పాయింట్లు అను చిన్న లోహపు ముక్కల జత తెరచుకొనుటవలన, మూసికొనుటవలన పుట్టవలసినవే. ఆ పాయింట్ల మధ్య ఎడము అంగుళములో వెయ్యింట 15 వంతులు, అనగా నాలుగైదు కాగితముల మందము. బ్యాటరీలోని 12 వోల్టులను కాయిలు పదివేల వోల్టులకు పైగా పెంచి ప్లగ్గునకు పంపును. ప్లగ్గు కొనల నడుమ ఎడము వెయ్యింట 25 వంతులు. ఇంత పెద్ద బండి, ఇంత బరువు, ఇన్ని ప్రాణములు ఇట్టి సందులమీద ఆధారపడియున్నవని తెలిసినవాడు పాయింట్లను తుడుచుటకు బద్ధకింపడు.

పెట్రోలు మండుటకు గాలి కావలెను. ఎంత? ఒక పాలు పెట్రోలునకు తూకమున సుమారు పదునాలుగున్నర పాళ్ళకు పైగా గాలి. లీటరు పెట్రోలు కాలుటకు దాదాపు తొమ్మిదివేల లీటర్ల గాలి వలయును. మనము పెట్రోలునకు ధర యిచ్చి, గాలి ఉచితమే గదా అని దానిని మరచుచున్నాము. గాలి వడపోతలో దుమ్ము నిండి గాలి చాలనప్పుడు ఇంజను అంతే పెట్రోలు త్రాగి తక్కువ పని చేయును, నల్లని పొగ వదలును. పల్నాటి మట్టిరోడ్లమీద, సిమెంటు లారీల వెనుక తిరుగు బండ్లకు ఈ జబ్బు సర్వసాధారణము. కార్బొరేటరు చెడిపోయినదని దానిని విప్పి పాడుచేయుటకు ముందు వడపోతను తీసి దులిపి చూచుట మంచిది.

ఇప్పుడు అసలైన చిక్కు చెప్పవలెను. మంట పుట్టిన క్షణమున సిలిండరులోని వేడి రెండువేల సెంటిగ్రేడు డిగ్రీలను మించును. సిలిండరు దిమ్మయు, దాని తల, అనగా హెడ్డును పోత ఇనుముతో చేసినవి. పోత ఇనుము 1200 డిగ్రీల ప్రాంతముననే కరుగును. మరి ఇంజను ఎందుకు కరగిపోవుట లేదు? ఆ మంట క్షణకాలమే ఉండుట ఒక కారణము, సిలిండర్ల చుట్టును నీరు తిరుగుచుండుట రెండవ కారణము. పెట్రోలులోని శక్తిలో నాలుగవ వంతు గాని, కొంచెము ఎక్కువ గాని మాత్రమే చక్రములకు ఉపయోగపడును. తక్కినది పొగతోను, నీటి ద్వారాను పోవలసినదే. ఆ నీరు ఒక్క నిమిషము తన పని మానినచో ఆ వేడి ఇనుముమీద పడును. నీటిని త్రిప్పు పంపును, రేడియేటరుమీదికి గాలి లాగు ఫ్యానును, బ్యాటరీని నింపు డైనమోను, ఈ మూటిని ఒకే ఒక రబ్బరు బెల్టు త్రిప్పుచున్నది. దాని ఖరీదు ఇంజను ఖరీదులో లెక్కకు రాదు.

మా కథ ఈ బెల్టుతోనే మొదలైనది. కొన్ని సంవత్సరముల క్రిందట వైశాఖమాసమున మేము గుంటూరునుండి మార్కాపురము వైపు ఒక పెండ్లికి బాడుగ కారులో బయలుదేరితిమి. గోధూళి లగ్నము. పెండ్లికూతురి మేనమామ మాతోనే ఉన్నారు. ఆయన లేనిదే గంప యెత్తువారు లేరు. బయలుదేరుటయే ఆలస్యమైనది. బండి తోలుచున్న ఆయన మాకన్న పెద్దవాడు, బండి ఆయనదే, దానిమీదనే ఆయన కుటుంబము బ్రదుకుచున్నది. వినుకొండ దాటిన కొంతసేపటికి ఆయన, "అయ్యా, ముల్లు పైకి పోతోందండి. చెట్టు కింద ఒక్క పది నిమిషాలు ఆపుకొని చూసుకుందామండి" అన్నాడు. "ముహూర్తం దాటిపోతుంది, ఎట్లాగో పోనీయండి" అంటిమి. మాలో ఒక్కరును ఆ ముల్లు వైపు చూడలేదు. ఆయన మరి రెండుమార్లు చెప్పెను. మూడవసారి చెప్పలేదు.

ఇంకను ఏడెనిమిది మైళ్ళు పోవునప్పటికి మూత సందులనుండి ఆవిరి లేచినది. బండి ఆగినది. ప్రక్కనే పొలములో బావి. మాలో ఒకరు పరుగున పోయి బకెట్టుతో నీరు తెచ్చిరి. "వేడిమీద చన్నీళ్ళు పోయకూడదండి, ఆరనీయండి" అని ఆయన అడ్డువచ్చినను మా తొందర ఆయనను నోరెత్తనీయలేదు. చేతికి తడిగుడ్డ చుట్టుకొని మూత త్రిప్పగా మరుగునీరు ఎగసి ఆయన ముంజేయి కాలినది. ఆ నొప్పితో ఆయన ప్రక్కకు జరుగగా మేమే బకెట్టు ఎత్తి నీరు పోసితిమి. లోపల ఎక్కడనో "టక్కు"మని సన్నని చప్పుడు వినబడినది. ఆ చప్పుడునకు అర్థమేమో అప్పుడు మాకు తెలియదు. ఆయన ముఖము చూచినచో తెలిసెడిది, కాని మేము చూడలేదు.

మేము ఒక లారీనెక్కి పెండ్లికి చేరుకొంటిమి. మేనమామగారు సిమెంటు దుమ్ముతోనే గంప యెత్తిరి. ఆయన మాత్రము బండివద్దనే ఉండిపోయెను. తరువాత తెలిసినది: మూడవ సిలిండరు కవాటముల నడుమ హెడ్డు బీట వారినది. కారణము, బెల్టు వదులై జారుట. చెట్టు క్రింద పది నిమిషములు ఆగి డైనమో బోల్టును వదలి బెల్టును బిగించియుండినచో సరిపోయెడిది. పెండ్లిండ్ల రోజులలో మూడు వారములు ఆ బండి షెడ్డులో పడియుండెను. మేము హెడ్డు ఖరీదులో సగమిచ్చితిమి. పోయిన బాడుగల సంగతి ఆయన ఎత్తలేదు, మేమును అడుగలేదు.

బెల్టు పొడవు భాగమును నడుమ బొటనవ్రేలితో నొక్కినప్పుడు అర అంగుళము మేర లోనికి పోవలెను. అంతకన్న ఎక్కువ పోయిన బెల్టు వదులుగా ఉన్నట్లు. వేడి ముల్లు పైకి పోవుట, డైనమో ఎఱ్ఱ దీపము వెలుగుట ఈ రెండును ఒకేసారి జరిగినచో బెల్టు తెగినదని దాదాపు నిశ్చయముగా చెప్పవచ్చును. దీపము వెలుగకయే ముల్లు పెరిగినచో నీరు తగ్గుట, రేడియేటరు గొట్టము చిల్లిపడుట, లోపల పాచి పట్టుట, జల్లెడలలో మిడుతలు, గడ్డిపరకలు చిక్కుకొనుట వెదకవలెను. ఏది ఎట్లున్నను ముందుగా బండి నాపి, మూత యెత్తి, అరగంట ఊరకుండవలెను. రేడియేటరు మూత గట్టిగా బిగించియుండుటవలన లోపలి నీరు ఒత్తిడిలో ఉండి నూరు డిగ్రీలు దాటినను మరగదు. మూత తీసిన క్షణమున ఆ ఒత్తిడి పోయి నీరంతయు ఒక్కసారి పొంగి పైకి లేచును. చేయి పెట్టగలిగినంత చల్లబడిన పిమ్మట, ఇంజనును మెల్లగా తిరుగనిచ్చుచు నీటిని కొంచెము కొంచెముగా పోయవలెను. కాలిన పెనముమీద చన్నీళ్ళు పోసిన ఏమగునో మన ఇండ్లలో స్త్రీలందరికి తెలియును. అదే పెనము హెడ్డు రూపమున ఎదుట నున్నప్పుడు మనకు జ్ఞాపకము రాదు.

ఇక్కడ థర్మోస్టాటును గూర్చి ఒక మాట. నీరు సుమారు డెబ్బదియైదు, ఎనుబది డిగ్రీలకు వేడెక్కువరకు దానిని రేడియేటరునకు పోనీయక ఆపియుంచు చిన్న తలుపు అది. మన ఎండలకు అది అనవసరమని చాలమంది దానిని తీసి పారవేయుదురు. ఈ అలవాటు మాకు నచ్చదు. తలుపు మూసికొని పట్టుకొనిపోయినచో తీసివేయవలసినదే, కాని బాగుగనున్నదానిని తీసివేసినచో ఇంజను వేడెక్కుటకు చాలసేపు పట్టును. ఆ లోపల సిలిండరు గోడలమీద సరిగా మండని పెట్రోలు చేరి నూనెను కడిగివేయును, నూనె బురదగా మారును, రింగులు త్వరగా అరుగును. వేడిమి ఎక్కువైనచో చెడుపు కంటికి కనబడును. తక్కువైనచో చెడుపు రెండు మూడేండ్లకు గాని తెలియదు.

వేసవిలోనే వచ్చు మరియొక జబ్బు ఉన్నది. బెజవాడ ఎండలో బండిని ఆపి, కాఫీ త్రాగి వచ్చి బటను నొక్కినచో ఇంజను తిరుగును గాని అందుకొనదు. తొట్టిలో పెట్రోలు ఉన్నది, బ్యాటరీ ఉన్నది. నడచుచున్నప్పుడు గాలి తగిలి చల్లగానున్న పెట్రోలు గొట్టము, బండి ఆగిన పిమ్మట ఇంజను వేడికి కాగి, లోపలి పెట్రోలు ఆవిరియై పంపును అడ్డుకొనును. పంపు ఆవిరిని నెట్టలేదు. డ్రైవర్లు పంపుమీదను, గొట్టముమీదను తడిగుడ్డ వేసి కూర్చుండుట మనము చూచియున్నాము. అది మూఢనమ్మకము కాదు, శాస్త్రసమ్మతమైన చికిత్సయే. కాని ఒక్కొక్కప్పుడు ఇదే లక్షణము కండెన్సరు చెడుటవలన గూడ కలుగును. కండెన్సరు చల్లగా నున్నంతసేపు పనిచేసి, వేడెక్కగానే మొరాయించును. ఏది జబ్బో తెలియుటకు ఒక ప్లగ్గును ఊడదీసి, తీగెకు తగిలించి, ఇనుమునకు ఆనించి ఇంజను త్రిప్పవలెను. నీలిరంగు నిప్పురవ్వ చిటపటలాడుచు వచ్చిన విద్యుత్తు మంచిది, లోపము పెట్రోలుది. ఎఱ్ఱగా, నీరసముగా వచ్చినచో లేక రాకున్నచో పాయింట్లను, కండెన్సరును చూడవలెను. ఈ పరీక్ష చేయునప్పుడు పెట్రోలు కారుచున్న చోటు దగ్గర లేకుండ చూచుకొనుట మరువరాదు.

పొగ రంగునుబట్టి రోగమును గుర్తించుట వైద్యుడు నాడి చూచుట వంటిది. చలికాలపు ఉదయమున కాసేపు తెల్లని ఆవిరి వచ్చుట సహజము. ఇంజను వేడెక్కిన పిమ్మటను తెల్లని పొగ ఆగకున్న నీరు సిలిండరులోనికి పోవుచున్నదన్నమాట. నూనె కఱ్ఱ తీసి చూడగా నూనె మజ్జిగవలె తెల్లబారియున్నచో హెడ్ గాస్కెట్టు పోయినదని అనుమానింపవచ్చును. నీలపు పొగ నూనె కాలుటకు గుర్తు. దానిలోను భేదమున్నది. యాక్సిలరేటరు తొక్కినప్పుడెల్ల నీలపు పొగ వచ్చినచో రింగులు, బోరు అరిగినవి. దిగుడులో కాలు తీసి చాలదూరము పోయి, మరల తొక్కినప్పుడు మాత్రమే బుస్సున వచ్చినచో కవాటముల గైడులు వదులైనవి. మొదటిదానికి ఇంజను దించి బోరింగునకు ఈయవలెను, రెండవది హెడ్డు విప్పి బాగుచేయగలిగినది. ఈ తేడా తెలియనివారు చిన్న పనికి పెద్ద ఖర్చు పెట్టుకొందురు.

నాలుగింటిలో ఒక సిలిండరు పనిచేయుట లేదని, అనగా మిస్సింగు ఉన్నదని, తోచినచో మందముగా రబ్బరు తొడుగు గల పట్టకారుతో ప్లగ్గు తీగెలను ఒక్కొక్కటిగా తీసిచూడవలెను. తీసినప్పుడు ఇంజను వేగము పడిపోయినచో ఆ సిలిండరు పనిచేయుచున్నట్లు. ఏ తీగె తీసినను తేడా కనబడనిచో జబ్బు అక్కడనే. ఆపై ప్లగ్గు మార్చియు లాభము లేకున్నచో ఒత్తిడి కొలచు గడియారముతో నాలుగు సిలిండర్లను పరీక్షింపవలెను. తొలినాటి ఇంజనులలో మిశ్రమము 7.2 వంతులనుండి ఒక వంతునకు నొక్కబడెడిది. అనగా 432 ఘన సెంటీమీటర్ల మిశ్రమము 60లో ఇముడవలెను. గడియారములో వచ్చు అంకెకన్న నాలుగింటికి నడుమ గల తేడాయే ముఖ్యము. ఒకటి బాగా తగ్గినచో అందులో ఒక చెంచా నూనె పోసి మరల చూడవలెను. అంకె పెరిగిన రింగుల దోషము, పెరుగకున్న కవాటముల దోషము. ప్రక్కప్రక్కన నున్న రెండు సిలిండర్లలో సమానముగా తగ్గినచో వాటి నడుమ గాస్కెట్టు కాలినదని గ్రహింపవచ్చును.

కవాటముల మాట వచ్చినది గనుక టప్పెట్లను గూర్చి చెప్పుదము. ఈ ఇంజనులో కవాటములు ఎనిమిది. కవాటము కాడకును, దానిని నొక్కు మీటకును నడుమ వెయ్యింట 15 వంతుల ఎడము, ఇంజను వేడిగా నున్నప్పుడు, ఉండవలెను. ఎప్పుడు ఏ కవాటమును సరిచేయవలెనో తెలిసికొనుటకు మేస్త్రీలవద్ద ఒక చక్కని లెక్క ఉన్నది. ముందునుండి వెనుకకు కవాటములకు 1 నుండి 8 వరకు అంకెలు వేసికొన్నచో, ఎనిమిదవది పూర్తిగా తెరచుకొన్నప్పుడు ఒకటవదానిని, ఆరవది తెరచుకొన్నప్పుడు మూడవదానిని, రెండంకెల మొత్తము ఎల్లప్పుడు తొమ్మిది అగునట్లు, సరిచేయవలెను. అక్షరము ముక్క రాని మేస్త్రీలు గూడ ఈ లెక్కను వ్రేళ్ళమీద చెప్పుట మేము విన్నాము.

టప్పెట్లు కాస్త పలుకుచుండుటయే మేలు. ఎడము ఎక్కువైన చప్పుడు వచ్చును గాని ప్రాణహాని లేదు. ఎడము బొత్తిగా పోయిన కవాటము పూర్తిగా మూసికొనక, మంట దాని అంచునుండి జొరబడి, పొగ కవాటము కాలిపోవును. పాత బండ్లకు ఈ ప్రమాదము ఇటీవల అధికమైనది. పూర్వము పెట్రోలులో సీసపు సమ్మేళనము కలిపెడివారు. అది పోత ఇనుముమీదనే నేరుగా కోసిన కవాటపు పీటలకు సన్నని పొరగా పట్టి, అరుగుదలను ఆపెడిది. సీసము ప్రజల ఆరోగ్యమునకు, ముఖ్యముగా పసిపిల్లల బుద్ధి వికాసమునకు, హానికరము గనుక మన దేశమంతట 2000 ఫిబ్రవరి 1 నుండి దానిని మానివేసిరి. అది చేయవలసిన పనియే, అందుకు ఎవరును విచారింపనక్కరలేదు. కాని పాత హెడ్డుతో బండిని వేగముగా, దూరముగా నడుపువారికి పొగ కవాటపు పీటలు క్రమముగా అరిగి, కవాటము లోనికి క్రుంగును. క్రుంగినకొలది టప్పెటు ఎడము తగ్గి చప్పుడు మాయమగును. "మన ఇంజను ఎంత మెత్తగా నడచుచున్నదో" అని యజమాని మురియుచుండగా లోపల కవాటము కాలుచుండును. హెడ్డు విప్పినప్పుడు గట్టి ఉక్కు పీటలను లేతుపనివారిచేత దిగగొట్టించుట దీనికి శాశ్వతమైన మందు.

ఇప్పుడు పెట్రోలులో చెరకునుండి, ధాన్యమునుండి తీసిన ఇథనాలును కలుపుచున్నారు. 2025లో ఈ పాలు నూటికి ఇరువదికి చేరినది. క్రొత్త బండ్లను దీనికి తగినట్లు చేసినారు. పాత బండ్లకు ఇందువలన మూడు చిక్కులు. ఇథనాలు మండుటకు పెట్రోలుకన్న తక్కువ గాలి చాలును. కావున పెట్రోలునకు సరిచేసిన కార్బొరేటరులో మిశ్రమము నూటికి ఏడెనిమిది పాళ్ళు పలుచనై, ఇంజను వెనుకాడును, వేడెక్కును. ఎస్.యు. రకపు కార్బొరేటరు గల బండ్లలో క్రిందనున్న జెట్టు నట్టును కొంచెము దించి ఈ లోటును పూరింపవచ్చును. రెండవది, పాత రబ్బరు గొట్టములను, పంపులోని పొరను ఇది మెత్తబరచి చీల్చును. మూడవది, ఇది తేమను పీల్చుకొనును. నెలల తరబడి కదలని బండి తొట్టిలో నీరు అడుగున చేరి, ఒకనాడు బయలుదేరినప్పుడు పెట్రోలునకు బదులు నీరే పంపునకు ఎక్కును.

కావున వేసవి రాకముందే పెట్రోలు గొట్టములన్నిటిని వ్రేళ్ళతో వంచి చూడవలెను. వంపు దగ్గర పగుళ్ళు కనబడినను, పైన తేమగా తగిలినను మార్చివేయవలెను. పాత గొట్టమును మాత్రమే కాక, దానిని బిగించు పట్టీలను గూడ క్రొత్తవి వేయించి, ఇంజను నడచుచుండగా చీకటివేళ టార్చి వేసి ఒకసారి వాసన చూడవలెను. ఈ పని షెడ్డు తలుపులు బార్లా తెరచియే చేయవలెను. మూసిన షెడ్డులో నడచు ఇంజను పొగయందు కార్బను మోనాక్సైడు ఉండును. దానికి రంగు లేదు, వాసన లేదు, తల తిరుగుచున్నదని తెలియునప్పటికి లేచి తలుపు తీయు శక్తి ఉండదు.